బెల్టు కవర్ విప్పకముందే చూడాల్సినది

అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కార్బురేటర్ కాలం నాటి మారుతి 800కి కొత్త టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లతో తిరిగే క్రాంకునూ వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌నూ కలిపి ఉంచే పళ్ల బెల్టు, వేయించిన మర్నాటి నుంచి ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరుకు దిగాల్సి వస్తోందని రాశావు. "గేర్ల మీది గుర్తులు కలిపే వేశాం, కార్బురేటర్ మార్చండి" అన్నారట షెడ్డువాళ్లు. డబ్బు తగలేయకు. ముందురోజు దాకా లాగిన బండి బెల్టు మార్చగానే మొరాయిస్తే మొదట అనుమానించాల్సింది బెల్టునే. ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడవడం, బాగుందన్నావు, అది పెద్ద సాక్ష్యం కాదు. ఆ ఇంజనులో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యామ్ షాఫ్ట్‌తోనే తిరుగుతుంది. క్యామ్ వెనకబడినా, డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పి స్పార్కులో వచ్చే ఆలస్యాన్ని కప్పిపుచ్చవచ్చు.

క్రాంకు కొసన ఉండే పుల్లీ, బెల్టు కవర్ ఊడదీయడం ఇప్పుడే వద్దు. గుర్తులు కలిసినట్టు కనిపించినా క్రాంకు గేరును పట్టి ఉంచే చిన్న కీ నలిగి ఉంటే అంతా తప్పే. వాల్వులనూ పిస్టన్‌నూ నేరుగా అడుగు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ట్యాపెట్ కవర్, మూడు ప్లగ్గులు తీస్తే చాలు. ఇంజను పూర్తిగా చల్లారాక మొదలుపెట్టు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయి, హ్యాండ్ బ్రేక్ వేయి, గేరు న్యూట్రల్‌లో ఉంచు. ట్యాపెట్ గ్యాపులు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య సందులు, ముందు సరిచేసుకో, అవి తేడాగా ఉంటే తర్వాత చూసేదంతా తేడాగానే ఉంటుంది.

ఇప్పుడు ఒకటో సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు, అదే టీడీసీ, పట్టుకోవాలి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పుల్ల పెట్టి "ఇక కదలడం లేదు, ఇదే పైన" అంటారు. పైకొసన క్రాంకు ఐదు డిగ్రీలు తిరిగినా పిస్టన్ పావు మిల్లీమీటరు కూడా కదలదు, కంటికి ఏం తెలుస్తుంది? అందుకే రెండు వైపుల నుంచీ కొలవాలి. ప్లగ్గు రంధ్రంలోకి పొడవాటి ప్లాస్టిక్ స్ట్రా దూర్చి, పిస్టన్‌కు తగిలేలా వేలితో మెల్లగా ఆనించు. పిస్టన్ పైకి వస్తుండగా, కొస ఇంకా సెంటీమీటరు దూరంలో ఉందనగా ఆపు. రంధ్రం అంచు దగ్గర స్ట్రా మీద పెన్నుతో గీత పెట్టు. అదే చోట ఆగి ఉండగా పుల్లీ మీద ఒక సుద్దగీత, దాని ఎదుట కదలని చోట ఇంకో గీత. మళ్లీ అదే దిశలో తిప్పు. పిస్టన్ పైకొస దాటి దిగుతూ స్ట్రా మీది గీత మళ్లీ అంచుకు వచ్చినప్పుడు, కదలని గీతకు ఎదురుగా పుల్లీ మీద రెండో సుద్దగీత పెట్టు. పుల్లీ మీద ఆ రెండింటికీ నడిమి చోటు కదలని గీతకు ఎదురైనప్పుడు పిస్టన్ టీడీసీలో ఉన్నట్టు.

వెదురుపుల్ల మాత్రం వద్దు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకటి లోపలే విరిగి, దాని కోసం హెడ్డు దించాల్సి వచ్చింది. ఆ రోజు నాకు అన్నం కూడా పెట్టలేదు మా గురువు.

ఇంజనును పుల్లీ బోల్టుకు పానా వేసి తిప్పు, క్యామ్ బోల్టుకు వేయకు. తిరగాల్సింది ఇంజను నడిచే దిశలోనే, అంటే పుల్లీకి ఎదురుగా నిలబడితే గడియారం ముల్లులా. గీత దాటిపోయిందని వెనక్కి తిప్పితే బెల్టు వదులు తప్పు వైపుకు వెళ్లి లెక్క మారుతుంది. మరో రెండు చుట్లు తిప్పి మళ్లీ రా.

టీడీసీ దగ్గర ఒకటో సిలిండర్ రాకర్లు రెండూ వేలికి టకటకమని వదులుగా ఆడితే అది కంప్రెషన్, అంటే రెండు వాల్వులూ మూసుకుని ఉన్న వేళ. ఇంకో పూర్తి చుట్టు తిప్పు. ఇప్పుడు ఎగ్జాస్టు వాల్వు మూసుకుంటూ, ఇన్లెట్ వాల్వు తెరుచుకుంటూ కనిపిస్తాయి, తక్కెడ పళ్లేలలా. రెండూ ఇంచుమించు సమానంగా నొక్కుకున్న క్షణం టీడీసీకి దగ్గర్లో పడాలి. నాలుగు సిలిండర్ల బండి అయితే ఒకటి కంప్రెషన్‌లో ఉన్నప్పుడు నాలుగోదాని రాకర్లు చూసేవాడివి. మూడు సిలిండర్ల బండిలో ఆ జంట లేదు, ఒకటోదాన్నే చూసుకోవాలి.

టీడీసీకీ ఆ సమాన క్షణానికీ తేడా ఎంతో పుల్లీ మీదే కొలువు. చుట్టూ దారం చుట్టి చూడు, 40 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే 2 సెంటీమీటర్లకు 18 డిగ్రీలు. క్రాంకు గేరుకు 20 పళ్లుంటే ఒక పన్ను తప్పడమంటే సరిగ్గా అంతే. మూడు నాలుగు డిగ్రీల తేడాకు కంగారు పడకు. ఆ సమాన క్షణం టీడీసీ దాటాక ఒక పన్నుకు దగ్గరగా వస్తే క్యామ్ వెనకబడినట్టు, ముందే వస్తే ముందుకు పోయినట్టు. కింది స్పీడులో లాగడం లేదంటున్నావు కాబట్టి వెనకబడి ఉంటుందని నా అనుమానం.

అదే తేలితేనే బెల్టు కవర్ విప్పించు. వాళ్లు బెల్టు సరిచేసి ఊరుకోకుండా డిస్ట్రిబ్యూటర్‌ను కూడా మళ్లీ సెట్ చేయాలని గట్టిగా చెప్పు. ట్యాపెట్ కవర్‌కు కొత్త ప్యాకింగ్ తెచ్చుకో, పాతది వేస్తే నూనె కారుతుంది. టీడీసీకీ ఆ సమాన క్షణానికీ మధ్య పుల్లీ మీద ఎన్ని సెంటీమీటర్లు వచ్చాయో ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య