క్యాన్సర్ కాదన్నాక దవడ ఎముక ఎందుకు తీయాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అన్నయ్యకు 36 ఏళ్లు. ఏడాదిన్నరగా కింది దవడకు కుడివైపు, చివరి పళ్ల దగ్గర వాపు ఉంది. నొప్పి లేదు కదా అని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఈమధ్య ముక్క తీసి పరీక్ష చేసి ‘అమెలోబ్లాస్టోమా’ అన్నారు, క్యాన్సర్ కాదని కూడా చెప్పారు. ఒక సర్జన్ గారు గడ్డను గోకి తీసేస్తే చాలంటున్నారు. మరొకరు దవడ ఎముకను కొంతమేర కోసి తీసేయాలంటున్నారు. క్యాన్సర్ కానప్పుడు అంత పెద్ద ఆపరేషన్ దేనికని అన్నయ్య ససేమిరా అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్యగారి అనుమానం సహజమైనదే. అయితే ‘క్యాన్సర్ కాదు’ అన్న మాటకు ‘చిన్న జబ్బు’ అని అర్థం చెప్పుకోవడం వల్లే ఈ గడ్డలో చాలామంది నష్టపోతారు. అసలిది ఎక్కడినుంచి పుడుతుందో ముందు చెబుతాను.

బిడ్డ తల్లి కడుపులో ఉండగా, ఆరో వారం ప్రాంతంలో, నోటి లోపలి పొర ఒక పట్టీలా మందమై దవడలోకి దిగుతుంది. ఆ పట్టీనుంచే పళ్ల మొగ్గలు ఏర్పడతాయి. పంటి పైనుండే గట్టి ఎనామిల్‌ను తయారుచేసే కణాలు తమ పని పూర్తిచేసి, పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికి అంతరించిపోతాయి. విరిగిన ఎనామిల్ మళ్లీ పెరగకపోవడానికి కారణం ఇదే. అయితే పన్ను తయారీలో పాల్గొన్న ఆ పొర తాలూకు తునకలు కొన్ని దవడ ఎముకలోనూ, చిగురులోనూ, పళ్ల వేళ్ల చుట్టూ మిగిలిపోతాయి. వేళ్ల చుట్టూ ఉండేవాటిని 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త మలాస్సె వివరించారు. ఇవి అందరిలోనూ ఉంటాయి, ఎవరికో కొందరికి మాత్రమే ఇలాంటి అవశేషాలనుంచి గడ్డ మొదలవుతుంది. అమెలోబ్లాస్టోమా కణాలు ఎనామిల్ కణాలను పోలి ఉంటాయి కానీ ఎనామిల్‌ను తయారుచేయవు, పెరుగుతూ పోతాయి.

ఆ పెరుగుదల నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి నొప్పి తెలియదు. ఎముక లోపలినుంచి ఉబ్బి, బయటి గోడ కాగితంలా పలచబడ్డాక వేలితో నొక్కితే గుడ్డు పెంకు చిట్లినట్టు సన్నగా చిటచిటమంటుంది. ఎక్స్-రేలో సబ్బు నురగ బుడగల్లా నల్లటి గదులు కనిపించవచ్చు, పక్క పళ్ల వేళ్లు కొనలు తిన్నట్టు కురచబడవచ్చు.

ఇక మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉంది. ఎక్స్-రేలో గడ్డ అంచుగా కనిపించే గీత దాని నిజమైన అంచు కాదు. దవడ ఎముక లోపలి భాగం స్పంజిలా చిన్నచిన్న అరలతో ఉంటుంది, గడ్డ కణాలు ఆ అరల్లోకి పాకి, కంటికీ ఎక్స్-రేకీ అందని చోట కూర్చుంటాయి. గోకినప్పుడు పైకి కనిపించిన గడ్డ వస్తుంది కానీ ఇవి రావు. అందుకే మామూలు రకం అమెలోబ్లాస్టోమాను గోకి వదిలేస్తే మూడో వంతు నుంచి సగానికి పైగా కేసుల్లో తిరిగి వచ్చినట్టు వైద్య నివేదికలు చెబుతున్నాయి. కనిపించే అంచుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల అవతలి ఎముకతో సహా తీసినప్పుడు ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. తిరిగి వచ్చిన గడ్డ మెత్తటి కండరాల్లోకి వ్యాపిస్తే రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టమవుతుంది.

అలాగని గోకమన్న సర్జన్ గారు తప్పు చెప్పారని నేను అనను. ఒకే నీటితిత్తిలా ఉండి, గడ్డ కణాలు దాని లోపలి పొరకే పరిమితమైన ‘యూనిసిస్టిక్’ రకం ఒకటి ఉంది, అది ఎక్కువగా చిన్న వయసువారిలో కనిపిస్తుంది, దానికి ఎముక కోయకుండానే చికిత్స సాధ్యమవుతుంది. అందువల్ల మీ అన్నయ్యగారిది ఏ రకమో రిపోర్టులో స్పష్టంగా రాయించుకోండి, సీటీ స్కాన్‌ను, రిపోర్టును పక్కపక్కన పెట్టి ఇద్దరు సర్జన్లతోనూ మాట్లాడండి. చిన్న ముక్కలో కనిపించిన రకమే గడ్డ అంతటా ఉంటుందన్న హామీ లేదని కూడా గుర్తుంచుకోండి.

ఎముక తీయాల్సివస్తే ముఖం పోతుందన్న భయం వద్దు. కాలి పక్క ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి, దవడ వంపుకు తగ్గట్టు మలిచి అమర్చే పద్ధతి స్థిరపడి చాలాకాలమైంది, శరీర బరువును ప్రధానంగా మోసేది పెద్ద ఎముక కాబట్టి సాధారణంగా నడకకు పెద్ద లోటు రాదు, తర్వాత ఇంప్లాంట్ పళ్లు కూడా పెట్టవచ్చు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం మాత్రం ఆ ఎముక గుండానే వెళ్తుంది, కనుక పెదవి ఒకవైపు మొద్దుబారే అవకాశాన్ని ముందే అడిగి తెలుసుకోండి. ఏ ఆపరేషన్ చేయించుకున్నా కనీసం పదేళ్లు క్రమం తప్పకుండా ఎక్స్-రే తీయించుకోవాలి.

ప్రశ్న: మా పాపకు 12 ఏళ్లు. పై దవడలో కోరపన్ను రాలేదు, దాని పాలపన్ను ఇంకా ఊడలేదు. ఎక్స్-రేలో చిన్న గట్టి ముద్ద ఉందని, అది ‘ఒడొంటోమా’ అనే ట్యూమర్ అని చెప్పారు. ఆ మాట వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

జవాబు: అమ్మా, ధైర్యంగా ఉండండి. ఇది పైన చెప్పిన గడ్డలాంటిది కాదు. పన్ను తయారయ్యే పదార్థమే దారి తప్పి, ఒక పన్నుగా రావాల్సింది అనేక చిట్టి పళ్లుగానో, ఆకారం లేని ముద్దగానో గట్టిపడటమే ఒడొంటోమా. మొదటి రకం తిత్తిని విప్పితే లోపల గింజలంత పళ్లు, ఒక్కోదానికి చిన్న తల, చిన్న వేరు, పైన ఎనామిల్ మెరుపుతో సహా బయటపడతాయి. కొంతవరకు పెరిగి ఆగిపోతుంది, చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా తీసేస్తే తిరిగి రావడం చాలా అరుదు. అది కోరపన్నుకు దారి మూసేసింది కాబట్టి తీయించడమే మంచిది. దారి తెరిచాక కొందరిలో పన్ను దానంతటదే దిగుతుంది, లేకపోతే పళ్ల వరస సరిచేసే డాక్టరు (ఆర్థోడాంటిస్టు) దానికి చిన్న బ్రాకెట్ అతికించి మెల్లగా కిందికి లాగుతారు. వేరు పూర్తిగా తయారుకాకముందే ఈ పని మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. తీసినదాన్ని తప్పకుండా సూక్ష్మదర్శిని పరీక్షకు పంపించమని అడగండి.