హాలు గీసే ముందు ఒకసారి పానగల్లు పోయొద్దాం

బిడ్డా,

నువ్వు పంపిన ఫంక్షన్ హాలు డ్రాయింగ్ రెండుసార్లు చూశాను. ముందు అద్దాల గోడ, లోపల తెల్ల మార్బుల్, ఇరవై అడుగుల సీలింగు. ఫొటోకు బాగుంటుంది. మే నెల ఎండలో మధ్యాహ్నం లగ్గానికి ఎనిమిది వందల మంది దిగితే ఎలా ఉంటుందో మాత్రం ఆ కాగితం చెప్పడం లేదు. పైగా ఆ అద్దాలు పడమరకు పెట్టావు. నల్లగొండలో పడమటి ఎండ సంగతి నీకు నేను చెప్పాలా?

నా మొదటి ఫంక్షన్ హాలు కూడా ఇలాగే గీశాను. నూరడుగుల పొడవు, అరవై వెడల్పు, నున్నటి గోడలు, నున్నటి నేల. ఓనరు మురిసిపోయాడు. మొదటి పెండ్లి రోజు పంతులు మైకులో మంత్రం మొదలుపెడితే ఒక మాట మీద ఇంకో మాట పడి ఏదీ అర్థం కాలేదు. మైకు పెంచారు. జనం గొంతు పెంచారు. సన్నాయి వాళ్లు వీళ్లందరినీ మించిపోయారు. గంట గడిచేసరికి ముందు వరుసలో కూర్చున్న ముసలాయన చెవుల మీద తువ్వాల చుట్టుకున్నాడు. భోజనాల దగ్గర కూర తక్కువైందని రెండు వైపులా మాటామాటా పెరిగింది. కూర తక్కువేం కాలేదు, నేను గిన్నె చూశాను. పొద్దుటి నుంచి ఆ మోతలో కూర్చున్న తలనొప్పి అలా బయటపడింది.

ఈ మోతకు లెక్క ఉంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక లెక్చర్ హాల్లో పాఠం వినపడటం లేదంటే సబీన్ అనే యువ ప్రొఫెసర్‌కు ఆ పని అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఒక్కో మెత్తకు మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఖాళీ గదిలో శబ్దం అయిదున్నర సెకన్లు తిరుగుతూనే ఉంది. హాలు ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, లోపలి వస్తువులు శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగిస్తే శబ్దం ఎన్ని సెకన్లు తిరుగుతుందో వస్తుంది. మాట స్పష్టంగా వినపడాలంటే ఒకటి, ఒకటిన్నర సెకన్లు దాటకూడదు. నా హాలుకు వేసి చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు ఆరు పైనే వచ్చింది. మనుషులు కూడా శబ్దాన్ని పీలుస్తారు కాబట్టి హాలు నిండితే కొంత నయం. కానీ తెల్లవారుజాము లగ్గానికి ఉండేది రెండు వందల మందే. మంత్రాలు వినపడాల్సింది అప్పుడే కదా.

కాబట్టి సీలింగు మార్చు. చిల్లుల జిప్సం బోర్డు, దాని వెనుక రాక్ వూల్, అంటే రాతి నుంచి తీసిన దూది లాంటిది. సీలింగు మొత్తానికి మంచి రకం వేస్తే ఖాళీ హాలు కూడా ఒకటిన్నర సెకన్ల దగ్గరికి దిగుతుంది. చవకని ఫోమ్ అంటించమని ఎవరైనా అంటే వినకు. అది అంటుకుంటే వచ్చే పొగే మనిషిని చంపుతుంది. బయటికి పోయే తలుపులు రెండు మీటర్లకు తగ్గకుండా, బయటికే తెరుచుకోవాలి. దీని మీద బేరం లేదు.

ఇక వాకిలి. ఎండలోంచి వచ్చిన మనిషికి రెండు నిమిషాలు కళ్లు కనపడవు. నీ డ్రాయింగ్‌లో గేటు దాటగానే స్టేజీ. చుట్టం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతాడు, వెనకాల వాళ్లు తోసుకుంటారు. మన పాత భవంతి ఇండ్లలో దర్వాజ ముందు అరుగు ఎందుకు కట్టారో ఆలోచించు. పదడుగుల ఎత్తులో, ఇరవై అడుగుల లోతున ఒక నీడ వసారా వెయ్యి. చెప్పులు, చల్లటి నీళ్లు, పన్నీరు, పలకరింపు అన్నీ అక్కడే. తక్కువ కప్పు కింద కొంత దూరం నడిచి హాల్లోకి వస్తే, నీ ఇరవై అడుగుల ఎత్తు అప్పుడు కనపడుతుంది. ముందు రెండు వేప చెట్లు, ఒక కానుగ ఉంటే ఇంకా మేలు.

లైట్లు వరసగా తెల్లవి పెట్టావు. 6500 కెల్విన్, అంటే నీలం కొట్టే తెల్లటి వెలుగులో పసుపు రాసిన పెండ్లికూతురు ముఖం జ్వరం వచ్చినట్టు ఉంటుంది. మండపం మీద 3000 కెల్విన్, అంటే పసుపు ఛాయ వెలుగు పెట్టు, పక్కల నుంచి పడేట్టు. హాల్లో కొంచెం మసకగా, భోజనాల దగ్గర బాగా వెలుతురుగా. విస్తట్లో ఏముందో కనపడాలి కదా. స్టేజీ రెండడుగులు చాలు. నాలుగడుగులు పెడితే, ముందు వీడియో వాళ్లు నిలబడతారు, చుట్టాలు టీవీలో చూసుకోవాలి.

చేతులు కడిగే చోటు ఎవరూ పట్టించుకోరు. తాండూరు నాపరాయి పాలిష్ పెట్టినది అక్కడ వెయ్యకు. తడిస్తే జారుతుంది, పడేది ముసలివాళ్లే. గరుకు రాయి వేసి, నీళ్లు కాలువ వైపు వాలేట్టు చూడు. బంతి భోజనానికి కొంత జాగా ఉంచు, బఫే ముందు నిలబడలేని వాళ్లుంటారు.

పెండ్లికూతురు గది స్టోరు రూమంత గీశావు. ఒక చీర మార్చడానికి పదిమంది ఆడవాళ్లు పోగవుతారని నాకంటే నీకే బాగా తెలియాలి. కిటికీ, బాత్రూం, వంటల వైపు నుంచి కాకుండా మండపానికి నేరుగా తొవ్వ ఉండాలి.

కొత్తది గీసే ముందు ఆదివారం రా. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోదాం. అక్కడ స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుగుతో గర్భగుడిలో నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూడాలి. మధ్యలో ఇంటికొచ్చి తినొచ్చు. మీ అత్త జొన్న రొట్టెలు చేస్తానంది. పెన్సిలు, టేపు తెచ్చుకో, ఫోను చాలదు.

నీ మామ