తప్పు జరిగితే మా టీమ్‌లో ఎవరూ చెప్పరు, వాళ్ల నమ్మకం ఎలా సంపాదించాలి?

కొత్తగా టీమ్ లీడ్ అయ్యారు, తొమ్మిది మంది ఉన్నారు, అందరూ "సరే సార్" అంటారు గానీ పొరపాటు జరిగితే దాచేస్తున్నారు, అంతే కదా. నా అనుభవం చెబుతాను, గొప్పగా చెప్పుకునేదేం కాదు.

2014లో విశాఖలో, షీలానగర్ వైపు ఒక కంటైనర్ యార్డులో షిఫ్టులు చూసేవాణ్ని. ఎగుమతికి వెళ్లే రొయ్యల రీఫర్లు, అంటే ఫ్రిజ్ లాంటి కంటైనర్లు, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలం ఒక రాత్రి ఓ రీఫర్‌కి కరెంటు ట్రిప్పయింది. డ్యూటీ కుర్రాడు రెండింటికే చూశాడు, నాకు ఫోన్ చెయ్యలేదు, తనకు తెలిసినట్టు ఏదో తిప్పి చూసి దేవుడి మీద భారం వేసి తెల్లారేదాకా కూర్చున్నాడు. నేను వెళ్లేసరికి డిస్‌ప్లే మీద మైనస్ 9. ఒళ్లు మండిపోయి ఎందుకు చెప్పలేదురా అంటే, "మొన్న అర్ధరాత్రి లేపాడని మావాణ్ని అందరి ముందూ తిట్టారు కద్సార్" అన్నాడు.

తిట్టిన సంగతి నాకు గుర్తే లేదు. విన్నవాళ్లకి గుర్తుంది.

రిపోర్టులో ఆ కుర్రాడి పేరు రాయలేదు, ఫోన్ చెయ్యడానికి భయపడేలా చేసింది నేనే అని రాశాను (ఆ ఏడాది ఇంక్రిమెంటు పోయింది, అది వేరే సంగతి). షిఫ్టు మారేటప్పుడు రెండు బ్యాచ్‌లూ ఉండగా అదే మాట చెప్పాను. నెల రోజులు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ తనే వచ్చి కార్టన్లు నలిగిపోయాయని చెప్పాడు, లోపల ఉడికిపోతున్నా "ఎన్ని? ఇప్పుడేం చేద్దాం?" అని మాత్రమే అడిగాను. అప్పట్నుంచి రాత్రిళ్లు ఫోన్లు మొదలయ్యాయి, మా ఆవిడ విసుక్కునేంతగా.

రిజిస్టర్‌లో పొరపాట్ల ఎంట్రీలు పెరిగాయని మేనేజర్ కంగారుపడ్డాడు. మీకూ ఇదే ఎదురవుతుంది, భయపడకండి. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఆమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేస్తే, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు దాచకుండా చెప్పుకోబట్టే అలా కనిపించిందని ఆవిడ తర్వాత గ్రహించారు.

కేకులు కోయించడం, గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు పెట్టడం నా లెక్కలో టైమ్ వేస్టు. ఓటీ గంటలు కోత లేకుండా రాయించండి, ఇస్తానన్న సెలవు ఇవ్వండి. తిట్టాల్సి వస్తే పక్కకి పిలిచి తిట్టండి.

అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా కూలిన చెట్లే. మర్నాడు పొద్దున్నే గోపాలపట్నంలో మా ఇంటి తలుపు ఎవరో కొడుతుంటే తీశాను. ఆ రీఫర్ కుర్రాడే, యార్డు నుంచి నడిచొచ్చాడు, మోకాళ్ల దాకా బురద. "సార్, జనరేటర్లో డీజిల్ సాయంత్రం దాకానే వస్తుంది" అన్నాడు. మంచినీళ్లు కూడా తాగనివ్వకుండా వాణ్ని బండెక్కించుకుని బంకుల మీద పడ్డాం.