సంక్రాంతి చామంతికి బల్బులు ఎప్పుడు ఆపాలి?

ప్రశ్న: మేడం, నమస్కారం. మాది గార్లదిన్నె మండలం. అరెకరం షేడ్‌నెట్‌లో సెప్టెంబర్ ఆఖరున చామంతి నారు నాటి, మొక్క ఎదిగేదాకా పూత రాకుండా రాత్రుల్లో బల్బులు వేస్తున్నాను. సంక్రాంతికి పూలు మార్కెట్‌కు పోవాల. బల్బులు రాత్రంతా వేయాలా, కొన్ని గంటలు చాలా? ఏ తేదీకి ఆపాల? పోయినేడు తోటంతా పూసినా రోడ్డు పక్కనున్న రెండు సాళ్లు మాత్రం ఆకుతోనే నిలబడినాయి. మందు కొట్టినా ఫలితం లేదు. ఇంకొకటి, మా బావమరిది విత్తనంతో చామంతి వేద్దామంటున్నాడు. వేయొచ్చా? – ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెండు సాళ్ల సంగతి. రోడ్డు మీద వీధి దీపం ఉందేమో చూసుకో. ఉంటే ఆ మొక్కలకు తెగులూ లేదు, ఎరువు లోపమూ లేదు. చామంతి పూతకు రావాలంటే తెగకుండా పొడవైన చీకటి కావాలి, దీపం దాన్ని దక్కనివ్వలేదు. మందుకు పెట్టిన డబ్బు దండగ. ఈసారి ఆ వైపు నల్ల పాలిథిన్ షీటు కట్టు.

ఈ విషయం కనిపెట్టింది పొగాకు మీద. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అని ఇద్దరు ఉండేవారు. మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవిలో మనిషిని మించి పెరిగేది, పూత మాత్రం వచ్చేది కాదు. దాన్ని రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి పగటి వేళ తగ్గిస్తే వేసవిలోనే పూసింది. 1920లో ఆ ఫలితం అచ్చయింది. తర్వాత 1938లో హామ్నర్, బానర్ అనేవారు మన గట్ల మీద కూడా పెరిగే మరులమాతంగి మొక్కతో ఇంకో అడుగు ముందుకు వేశారు. మొక్క లెక్కపెట్టుకునేది రాత్రి పొడవును అని తేల్చారు. పొడవైన రాత్రి నడుమ కాసేపు వెలుగు పడితే ఆ రాత్రి లెక్కలోకి రాదు. ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎర్ర వెలుగు తగలగానే మారిపోతుంది. చామంతిలో పూత ఆగేది దానివల్లే.

కాబట్టి రాత్రంతా వేయనక్కర లేదు. పది గంటల నుంచి రెండు దాకా వేస్తే రాత్రి రెండు చిన్న ముక్కలవుతుంది, అది చాలు. సాయంత్రం ఆరింటికే వేసి పదికి ఆపేస్తే, అక్కడి నుంచి తెల్లారేదాకా ఒకే ముక్కగా చీకటి మిగులుతుంది. కరెంటు అంతే కాలుతుంది, పని సగమే అవుతుంది. వెలుగు మొక్క తలల దగ్గర నూరు లక్స్ ఉండాలి, లక్స్ అంటే వెలుగును కొలిచే కొలత. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, రెండు బల్బుల నడుమ అన్నిటికన్నా మసకగా ఉన్న చోట, ఆకుల ఎత్తులో ఫోన్ పట్టి చూడు. చాలామంది బల్బు కిందనే చూసి సరిపోయిందనుకుంటారు. మసక చోటే మొదట మొగ్గ పడుతుంది, తోట ఒక్కసారిగా కోతకు రాదు. టైమర్ తప్పకుండా పెట్టించు. పంపుసెట్టు లైను నుంచి వైరు లాగొద్దు, లైట్లకు వేరే మీటరు తీసుకో.

మన అనంతపురంలో లైట్లు ఎందుకని అడిగేవాళ్లకు కూడా చెబుతున్నాను. జూన్‌లో సైతం మన పగలు 13 గంటలు దాటదు. డిసెంబర్‌లో పదకొండుంబావుకు దిగుతుంది. చాలా చామంతి రకాలకు పగలు పదమూడున్నర గంటలకు తగ్గితే మొగ్గ ఎదుగుతుంది. అంటే మన దగ్గర ఏడాది పొడవునా దానికి పూత కాలమే. బల్బు లేకపోతే జానెడు మొక్క మీదే నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

ఇక తేదీ. నీ రకం ఏదో రాయలేదు. లైట్లు ఆపినాక తొమ్మిది వారాలకు పూసే రకమైతే, జనవరి 10కి తొలి కోత రావాలంటే నవంబర్ 8న ఆపాలి. పది వారాల రకమైతే నవంబర్ 1. నారు తెచ్చిన నర్సరీలో ఈ ఒక్క మాట గట్టిగా అడుగు, పూల రంగు కంటే ఇదే ముఖ్యం. ఆపేనాటికి, తలలు తుంచాక వచ్చిన పక్క కొమ్మలు జానెడన్నా ఉండాలి. ఆపిన తర్వాత టెన్షన్ పడి మళ్లీ బల్బులు వేయొద్దు. మొదలైన మొగ్గ నడుమలో నిలిచిపోయి చుట్టూ ఆకులు తొడుగుతుంది, విచ్చుకోదు. మూడు వారాలకు ఒక చిగురు తుంచి, సూదితో ఆకులు ఒక్కొక్కటే విప్పి చూడు. నడిమధ్యలో గుండుసూది తలంత గుండ్రటి ఉబ్బు కనిపిస్తే పూత పట్టినట్టే. చిగురు సన్నగా మొనదేలి ఉంటే ఎక్కడో వెలుగు పడుతోంది. రాత్రి ఒకసారి తోటలో నిలబడి చూసుకో.

విత్తనం వద్దు. చామంతి విత్తనంలో తల్లి గుణం నిలవదు. ఒక్కో మొక్క ఒక్కో రంగు, ఒక్కో తేదీ. తేదీ మీదే బతికే పంటకు పిలకలు, కొమ్మ ముక్కలే సరి. మీ బావమరిదికి విత్తనం మీదే మనసుంటే బంతి వేయమను.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ బాల్కనీలో చామంతి కుండీ పెట్టాను. ఆకులు బాగున్నాయి, దీపావళి దాటినా మొగ్గ లేదు. – ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, బాల్కనీ ట్యూబ్‌లైటు ఎన్నింటిదాకా వెలుగుతుంది? పడుకునేదాకా అయితే కారణం అదే. కుండీని లైటు పడని వైపుకు జరపండి. చోటు లేకపోతే సాయంత్రం ఆరింటికి పెద్ద అట్టపెట్టె బోర్లించి ఉదయం ఏడింటికి తీయండి, పగలు మాత్రం బాగా ఎండ తగలాలి. మొగ్గలు రంగు తేలేదాకా ఒక్క రాత్రి కూడా మానొద్దు. ఊరెళితే పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి.