పట్టీలు లెక్కపెడితే ఫాల్ట్ ఎంత జారిందో తెలియదు

తమ్ముడూ, ఏయూలో ప్రాజెక్టు కోసం 2023 టర్కీ భూకంపానికి ముందూ తర్వాతా తీసిన రాడార్ చిత్రాల్ని పోల్చి చేసిన చిత్రంలో రంగుల పట్టీలు 20 లెక్కపెట్టి, ఫాల్ట్ (నేలలోని పగులు) 56 సెం.మీ. జారిందనుకోవచ్చా అని అడిగావు. అనుకోకూడదు. సెంటినెల్-1 ఉపగ్రహం చిత్రంలో ఒక పట్టీ అంటే 2.8 సెం.మీ. నిజమే, కానీ అది ఉపగ్రహం చూసే దిశలో నేల కదలిక మాత్రమే. ఉపగ్రహం ఉత్తరానికి వెళ్తూ తీసినవీ, దక్షిణానికి వెళ్తూ తీసినవీ రెండు రకాల చిత్రాలూ తీసుకుని, జీపీఎస్ కొలతలు కలుపు. ఏ లోతులో ఎంత జారితే నేల ఇలా కదులుతుందో ఒకాడా సూత్రాలతో (ఫాల్ట్ జారుడు నుంచి నేల కదలికను లెక్కించే సూత్రాలు) వెనక్కి లెక్కకట్టు. ఫాల్ట్ పక్కన పట్టీలు చెదిరిపోతాయి, వాటితో కుస్తీ పట్టకు. అక్కడ రెండు చిత్రాల మధ్య పిక్సెళ్లు ఎంత జరిగాయో కొలవాలి.

ఈ జారుడు వల్ల పక్క ఫాల్ట్‌ల మీద ఒత్తిడి ఎంత మారిందో లెక్కకట్టడం ఆ తర్వాతే. పక్క ఫాల్ట్‌ని జరిపే దిశలో ఒత్తిడి పెరిగినా, దాన్ని నొక్కిపట్టిన బిగింపు సడలినా అది జారడానికి దగ్గరవుతుంది. 7.8 తీవ్రత భూకంపం వచ్చిన 9 గంటలకు 7.5ది వచ్చింది కదా, ముందు ఆ రెండోది వచ్చిన ఫాల్ట్ మీదే లెక్క వెయ్యి. ఒక్క జాగ్రత్త: నీ చిత్రంలో రెండు భూకంపాల కదలికా కలిసే ఉంటుంది, మొదటిదాన్ని విడదీశాకే మొదలుపెట్టు.