వెన్నులో నీరు తీయడం నేర్పబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

హౌస్ సర్జన్లకూ పీజీలకూ లంబార్ పంక్చర్, అదే నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీయడం, నేర్పే బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటినుంచి ఒక పక్క గర్వం, ఒక పక్క గుబులు. నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కంటి అడుగుభాగం చూడడం, ప్లేట్‌లెట్లు, రక్తం పలచబరిచే మందుల సంగతి, అనుమతి పత్రం, మాస్కు, ఇవన్నీ నీకు తెలిసినవే. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానం ఉండి స్కాన్ ఆలస్యమయ్యేటప్పుడు యాంటీబయాటిక్‌ను ఆపి కూర్చోవద్దని మాత్రం గట్టిగా చెప్పు.

నీరు రావడమూ రాకపోవడమూ చాలావరకు రోగిని పడుకోబెట్టడంలోనే తేలిపోతుంది. అందుకని నేర్చుకునే ప్రతి ఒక్కరినీ ముందు బల్లమీద మోకాళ్లు ముడిచి పడుకోమని, ఒకరి నడుము ఒకరు తడమమను. తుంటి ఎముకల పైఅంచులను కలిపే గీత నాలుగో నడుముపూస దగ్గర పోతుందని అందరూ చదువుతారు గాని, వేలితో వెతికినప్పుడు అనుకున్నదానికన్నా పూసల మధ్య ఒక సందు పైన గుర్తు పెట్టడం మామూలే. పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండో నడుముపూసల మధ్య ముగుస్తుంది కనుక అనుమానం వస్తే కిందికే జరగాలి.

ఇక నేను ఎవరికీ చెప్పని సంగతి. 1986లో నేను కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. క్షయ మెనింజైటిస్ అనుమానంతో ఒక బాలింత చేరింది. అంతకుముందు ఒక్కసారి మాత్రమే నీరు తీసిన హౌస్ సర్జన్‌తో "నువ్వు మొదలుపెట్టు, ఇప్పుడే వస్తాను" అని ఓపీకి వెళ్లాను. ముప్పావుగంట తరవాత వచ్చేసరికి ఆమె నడుము మీద ఆరు చోట్ల గుచ్చిన గుర్తులు, సీసాలో ఎర్రటి నీరు, ఆ అబ్బాయి చేతుల్లో వణుకు. నన్నెందుకు పిలవలేదని అందరిముందూ కేకలేశాను. ఆ కేకలకు భయపడే అతడు పిలవలేదని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. అప్పటివి ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడే, మొన అరిగిన సూదులు. మర్నాటినుంచి ఆమె లేచి కూర్చుంటే తల పగిలిపోయేది. కూర్చుని బిడ్డకు పాలివ్వలేక ఏడ్చేది. రక్తం కలిసిన నీటితో కణాల లెక్క తేలక మళ్లీ తీయాలన్నప్పుడు వాళ్ల అత్త, నడుములో నీరు తీస్తే మనిషి మంచం పడుతుందని ఊళ్లో అంటే నమ్మలేదనీ, ఇప్పుడు కళ్లారా చూశాననీ చెప్పి రాత్రికి రాత్రే కోడలిని తీసుకెళ్లిపోయింది. రెండు మంచాల అవతల ఉన్న కుర్రవాడి తండ్రి కూడా సంతకం పెట్టనన్నాడు. ఆమె ఏమైందో నాకు తెలియదు. ఆ చంటిబిడ్డకు ఇప్పుడు దాదాపు నలభై ఏళ్లుంటాయి.

కనుక రెండుసార్లు గుచ్చినా రాకపోతే సూది పక్కన పెట్టి పైవాళ్లను పిలవడం వార్డు నియమంగా పెట్టు. పిలిచినవాణ్ని మెచ్చుకో. మొదటి పదిసార్లూ నువ్వు పక్కనే నిలబడు. ఓపీ ఎంత నిండినా కదలకు. నీకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కుమీదే ఉంటుంది, అది నా దగ్గరినుంచే వచ్చిందని మీ అమ్మ అంటుంది. దాన్ని వార్డులో చూపించావంటే నేను సహించను తల్లీ.

సూదుల విషయంలో సూపరింటెండెంటుతో పోట్లాడైనా సరే, పెన్సిల్ మొన సూదులు తెప్పించు. అవి వెన్నునీటి చుట్టూ ఉన్న పొరను కోయకుండా నారలను పక్కకు తోసుకుంటూ పోతాయి. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో 110 ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. మామూలు సూదితో నూటికి 11 మందికి వచ్చిన తలనొప్పి ఈ సూదితో నూటికి నలుగురికే వచ్చింది. అవి వచ్చేదాకా, పక్కకు తిరిగి పడుకున్న రోగిలో సూది మొనలో ఏటవాలుగా కోసిన ముఖం పైకప్పు వైపు చూడాలనీ, బయటికి తీసేముందు స్టైలెట్‌ను, అంటే సూది లోపలి సన్నని తీగను, తిరిగి పెట్టాలనీ నేర్పు. తరవాత గంటలకొద్దీ పడుకోబెట్టినా తలనొప్పి ఆగదని తేలింది కనుక మా కాలపు ఆ అలవాటును మీరు మోయనక్కరలేదు.

మొదటి తరగతి ఏ రోజో రాయి, బస్సెక్కి వస్తాను. నీ దగ్గర నేర్చుకునేవాళ్లకు కుర్రవాళ్ల నడుములు సులువుగా దొరుకుతాయి. పూసల మధ్య సందులు మూసుకుపోయిన ముసలి నడుము ఎలా ఉంటుందో నా మీద తడిమి చూసుకుంటారు.

ఆశీస్సులతో,
పెదనాన్న