నేలచెక్కల్లోంచి లేచిన అడవి: మాక్స్ ఎర్న్‌స్ట్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

కలనూ వాస్తవాన్నీ కలిపి బొమ్మలు వేసిన అధివాస్తవిక (సర్రియలిస్ట్) చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ (1891–1976) గురించి పోయిన సంచికలో వేసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఆయన జీవితం గురించి కాదు, ఆయన బొమ్మల్లోని గరుకు గురించి. అది ఎలా తెచ్చాడు, మేమూ చేయొచ్చా అని. అందుకే ఈసారి చేతిపనికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: ఫ్రొటాజ్ అంటే నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడమే కదా! బళ్లో పిల్లలంతా చేసేదే. దాన్ని అంత గొప్పగా చెప్పుకోవడం ఎందుకు?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, తెనాలి

జవాబు: రుద్దడం వరకూ మీరన్నది నిజమే మాస్టారూ. తేడా అంతా రుద్దిన తర్వాత ఉంది.

ఎర్న్‌స్ట్ స్వయంగా రాసుకున్న దాని ప్రకారం ఇది మొదలైంది 1925 ఆగస్టు 10న. ఫ్రాన్స్ పడమటి తీరంలో పోర్నిక్ అనే ఊరు. సముద్రం ఒడ్డున ఆయన దిగిన బస, బయట వాన. గదిలో పరిచిన నేలచెక్కలు తోమగా తోమగా అరిగిపోయి, వాటి గీతలు లోతుగా తేలి ఉన్నాయి. ఆయన కంటికి అవి తప్ప ఇంకేమీ ఆనలేదు. కాగితాలు నేల మీద ఎలా పడితే అలా పడేసి నల్లసీసంతో రుద్దాడు. తర్వాత ఆకులు, నారబట్ట చిరుగు అంచులు, ఉండ నుంచి విప్పిన దారం, ఏది దొరికితే అది రుద్దాడు.

నాణెం రుద్దే పిల్లాడికి నాణెం వస్తే చాలు, పని అయిపోయినట్టే. ఎర్న్‌స్ట్ పని అక్కడ మొదలవుతుంది. వచ్చిన మచ్చలో చెక్క కానిదేదో కనిపించేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. కనిపించాక ఎక్కడ ఆపాలో, ఏ అంచు తెంచాలో, పక్కన ఇంకే వస్తువు రుద్దాలో నిర్ణయించేవాడు. చెక్క గీతలు సముద్రం అవుతాయి, ఆకు ఈనె చెట్టవుతుంది. అలా చేసిన వాటిలో 34 ఏరి 1926లో పారిస్‌లో ‘ప్రకృతి చరిత్ర’ పేరుతో అచ్చు వేశారు. మీ పిల్లలకు నేర్పేటప్పుడు ఒక్క మార్పు చేసి చూడండి: రుద్దిన కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి, ఏం కనిపిస్తోందో చెప్పాకే పెన్సిల్ మళ్లీ పట్టుకోనివ్వండి.

ప్రశ్న: మా ఇంటి పాత టేకు తలుపు మీద రుద్దితే మసి పూసినట్టు నల్లగా వస్తోంది. గీతలు రావడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మొదట తలుపును అనుమానించండి. గోటిని గీతలకు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే సీసం కూడా తట్టుకుంటుంది. నున్నగా జారిపోతే పల్లాలన్నీ ఎనామిలో వార్నిషో నింపేసిందన్నమాట. అప్పుడు గీతలు కంటికి కనిపిస్తాయే గానీ కాగితం మీదికి రావు. అంతమాత్రాన తలుపు గీకి పాడుచేసుకోకండి. పార్సిల్ పెట్టెలకు వాడే పైన్ చెక్క ముక్క ఒకటి వడ్రంగిని అడిగి తెచ్చుకోండి. టేకు కంటే అదే మేలు, ఎందుకంటే దానిలో మెత్తని పొరకూ గట్టి పొరకూ తేడా ఎక్కువ. ఇనుప బ్రష్‌తో గీతల వెంబడే (అడ్డంగా కాదు) పది నిమిషాలు తోమండి. మెత్తని భాగం రాలిపోయి గట్టి గీతలు పైకి తేలతాయి. పోర్నిక్ నేలకు ఏళ్ల తరబడి జరిగింది మీ చెక్కకు పది నిమిషాల్లో జరుగుతుంది.

చెక్క సరిగా ఉన్నా మసే వస్తుంటే కాగితం చూడండి. 60 నుంచి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మధ్య ఉండాలి. జిరాక్స్ కాగితం సరిపోతుంది. 150 దాటిన డ్రాయింగ్ షీటు గట్టిగా ఉంటుంది, పల్లంలోకి వంగదు. న్యూస్‌ప్రింట్ మీద గీతలు అందంగా పడతాయి గానీ కొన్నాళ్లకే పసుపెక్కుతుంది, దాచుకోవడానికి పనికిరాదు.

ఇక చేయి. 4బీ నుంచి 6బీ దాకా ఏ పెన్సిలైనా సరే, సీసం రెండు సెంటీమీటర్లు బయటికి వచ్చేలా చెక్కి, మొన కాకుండా పక్కభాగం ఆనించి రుద్దాలి. మొదటిసారే గట్టిగా నొక్కితే సీసం పల్లాల్లోకీ దిగిపోతుంది, మీరన్న మసి అదే. మూడు నాలుగు విడతలుగా, తేలిగ్గా రుద్దండి. కాగితం నాలుగు మూలలా టేపు వేయండి, ఒక్క మిల్లీమీటరు జరిగినా గీతలు జంటగా పడతాయి. అయ్యాక ఫిక్సెటివ్ (సీసం చెరిగిపోకుండా పట్టి ఉంచే స్ప్రే) 30 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా కొట్టి, పది నిమిషాలాగి ఇంకోసారి కొట్టండి. దగ్గర నుంచి కొడితే తడి చుక్కలు పడి మరకలవుతాయి.

ప్రశ్న: గ్రటాజ్ ప్రయత్నించాను. అక్రిలిక్ రంగు గీకేలోపే ఎండిపోతోంది. ఎర్న్‌స్ట్ అడవుల్లాంటి పొరలు ఎలా వస్తాయి?
– ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: గ్రటాజ్ అంటే రుద్దుడికి తిరగేసిన పని. రుద్దితే ఉబ్బెత్తు మీద రంగు పడుతుంది, గీకితే ఉబ్బెత్తు మీద రంగు పోతుంది. ఎర్న్‌స్ట్ కాన్వాస్ మీద రంగు పూసి, కింద చెక్కలో తాళ్లో తీగల వలో పెట్టి, పైనుంచి గీకేవాడు. 1927, 28 ప్రాంతంలో వేసిన అడవులు చాలావరకు ఇలా పుట్టినవే.

ఆయన వాడింది నూనె రంగు, గంటల తరబడి తడిగా ఉంటుంది. మీరు అక్రిలిక్ పూర్తిగా మానక్కర్లేదు. అడుగు పొరలు రెండు అక్రిలిక్‌తోనే, లేతరంగులో వేసి ఒక రోజు ఆరనివ్వండి. మీద ముదురు నూనె రంగు పలచగా, ఒకే మందంలో పూయండి. గీకేది ఆ పైపొరనే. వరస తారుమారు చేయకండి: నూనె రంగు మీద అక్రిలిక్ పట్టుకోదు, పెచ్చులూడుతుంది.

కాన్వాస్‌ను చట్రానికి బిగించకుండా, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పూసింది వదులుగా తీసుకోండి. కింద పెట్టే వస్తువు 3, 4 మిల్లీమీటర్ల మందం మించకూడదు. నులక తాడు, ఈతాకు చాప, వెదురు తడిక బాగా పనిచేస్తాయి. మేకు తల ఉన్న చెక్క మాత్రం వద్దు, కత్తి ఆ మీదుగా పోయిందంటే కాన్వాస్ కోసుకుపోతుంది. పాలెట్ నైఫ్‌ను (రంగులు కలిపే మొద్దు కత్తిని) బాగా వాల్చి, ఒకే వైపు లాగండి. ప్రతి లాగుడుకూ కత్తిని గుడ్డతో తుడవాలి. తుడవకపోతే ఇందాక ఎత్తిన రంగునే మళ్లీ పూస్తారు. ‘బురద అవుతోంది’ అని చాలామంది రాసేదానికి కారణం ఇదే.

అడవి మాత్రం గీకుడుతో పూర్తికాదు. ఆకాశాన్ని ఎర్న్‌స్ట్ తర్వాత కుంచెతో నింపాడు. ఆకాశం ఎక్కడ ఆగితే అక్కడ చెట్టు మొదలవుతుంది. మీ బొమ్మ అంతా ఒకేలా గజిబిజిగా ఉందనిపిస్తే, మూడో వంతు చదునైన రంగుతో మూసేసి చూడండి.

ప్రశ్న: ‘వాన వెలిసిన తర్వాత యూరప్’ బొమ్మలో పగడపు దిబ్బల్లాంటి కొండలు కుంచెతో వేసినవేనా? ఆ పేరుతో రెండు బొమ్మలున్నాయంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండున్నాయి. మొదటిది 1933 నాటిది, యూరప్ పటం కరిగి వికృతమైనట్టుండే ఉబ్బెత్తు చిత్రం. మీరడిగిన కొండలది రెండోది, 1940–42 నాటిది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరంలోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో ఉంది. దాదాపు 55 సెంటీమీటర్ల ఎత్తు, 148 సెంటీమీటర్ల వెడల్పు. పుస్తకాల్లో చూసి గోడంత ఊహించుకుంటాం గానీ, ఎత్తు రెండడుగులు కూడా లేదు.

కొండలు కుంచె పని కాదు. ఆ పద్ధతి పేరు డెకాల్‌కొమానియా, తెలుగులో అద్దుడు అనుకుందాం. కాగితం మీద గువాష్ (నీళ్లలో కలిపే చిక్కటి) రంగుతో దీన్ని అధివాస్తవికుల్లోకి తెచ్చింది స్పెయిన్ చిత్రకారుడు ఆస్కార్ డొమింగెజ్, 1930ల నడుమ. ఎర్న్‌స్ట్ దాన్ని నూనె రంగుకు మార్చాడు. తడిరంగు మీద గాజు పలకో కాగితమో ఆనించి నొక్కి పైకి లేపితే, రంగు కొమ్మలు కొమ్మలుగా చీలిపోతుంది. ఎందుకలా? పలక లేస్తున్నప్పుడు అంచుల నుంచి గాలి లోపలికి చొరబడుతుంది. చిక్కటి రంగులోకి పలచటి గాలి సాఫీగా పోలేక వేళ్లు వేళ్లుగా దూరుతుంది. ఆ వేళ్ల మధ్య మిగిలిన రంగు గట్లే మీకు పగడాలుగా కనిపిస్తాయి.

చేసి చూడాలంటే ఏ5 సైజు గాజు ముక్క చాలు, అంచులు అరగదీయించండి. ట్యూబు రంగులో కొద్దిగా టర్పెంటైన్ కలిపి, చిలికిన పెరుగంత జారుగా చేయండి. మజ్జిగలా పలచనైతే రంగు మడుగు కట్టి కొమ్మలు కలిసిపోతాయి, వెన్నలా గట్టిదైతే చదును మచ్చ మిగులుతుంది. అరచేత్తో మధ్య నుంచి అంచులకు నొక్కి, ఒక అంచు పట్టుకుని పుస్తకం తెరిచినట్టు లేపండి. మెల్లగా లేపితే కొమ్మలు లావుగా, గబుక్కున లేపితే సన్నగా వస్తాయి. పక్కకు మాత్రం జరపకండి, చీలిక మొత్తం అలుక్కుపోతుంది. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

పూర్తిగా ఎండాక, వారం పైనే పట్టొచ్చు, ఎర్న్‌స్ట్ ఆకాశం వేసిన తీరు గమనించండి. నీలం ఆకాశాన్ని కొండల అంచుల దాకా తెచ్చి ఆకారాలు కత్తిరించాడు. పక్షితల మనిషిని, వీపు తిప్పి నిలుచున్న స్త్రీని ఆ మచ్చల్లోంచి పైకి లాగాడు. ఆ రోజుల్లో ఆయన బతుకూ అలాగే చెదిరి ఉంది. జర్మన్ కావడంతో 1939లో ఫ్రాన్స్ ప్రభుత్వం శత్రుదేశీయుడిగా లెక్కగట్టి, లె మిల్ అనే ఊళ్లో పాత పెంకుల ఫ్యాక్టరీలో నిర్బంధించింది. తర్వాత నాజీలు ఫ్రాన్స్‌లోకి వచ్చారు. 1941 జులైలో న్యూయార్క్ చేరాడు. యూరప్‌లో మొదలైన బొమ్మ అమెరికాలో పూర్తయింది. ఈ సంగతి తెలిశాక ఆ కొండలు కొండల్లా కనిపించవు.

ప్రశ్న: ఆయన కొలాజ్‌లలో (కత్తిరించిన ముక్కలు అతికించి చేసిన బొమ్మల్లో) అతుకులు కనిపించవు. మేం అతికిస్తే ప్రతి అంచూ తెలుస్తోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చూస్తున్నది అతికించిన కాగితం కాదు, దాని అచ్చు. 1934లో వచ్చిన ‘దయాగుణపు వారం’ పుస్తకంలోని 182 కొలాజ్‌లకు ఎర్న్‌స్ట్ 19వ శతాబ్దపు నవలల్లోని చెక్కబ్లాకు బొమ్మలు కత్తిరించాడు. వాటిని బ్లాకులు చేయించి అచ్చు వేస్తే అన్ని గీతలూ ఒకే నలుపుకు వచ్చేస్తాయి, కాగితం మందం, రంగు తేడా మాయమవుతాయి. మీరూ ఒకే రకం గీతలున్న బొమ్మలు ఎంచుకుని, వెలుగు ఒకే వైపు నుంచి పడేలా చూసుకుని అతికించి, నలుపు తెలుపుల్లో జిరాక్స్ తీయండి. ఫొటోనూ గీతబొమ్మనూ కలిపితే ఏం చేసినా అతుకు దాగదు.

ప్రశ్న: ఆయన బొమ్మల్లో అన్ని పక్షులెందుకు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1906లో తాను పెంచుకున్న కాకటూ చిలుక చనిపోయిన వేళే చెల్లెలు పుట్టిందనీ, అప్పటి నుంచి మనసులో పక్షీ మనిషీ కలిసిపోయాయనీ ఎర్న్‌స్ట్ రాసుకున్నాడు. తన ప్రతిరూపంగా సృష్టించుకున్న పక్షికి లోప్‌లోప్ అని పేరు పెట్టాడు.

ప్రశ్న: నా కవితల పుస్తకం ముఖచిత్రంగా ఎర్న్‌స్ట్ అడవి బొమ్మ వేసుకోవచ్చా?
– ఒక కవి, కరీంనగర్

జవాబు: అనుమతి లేకుండా కుదరదు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. ఆయన మరణం 1976 ఏప్రిల్ 1 కాబట్టి 2036 చివరి దాకా ఆగాలి. అంతకుముందే కావాలంటే పారిస్‌లో ఆయన హక్కులు చూసే అడాగ్ప్ సంస్థకు రాయాలి. పద్ధతి మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. మీ ఊరి పాత చెక్క మీద మీరే రుద్దుకోండి. స్కాన్ 600 డీపీఐలో, గ్రే స్కేల్‌లో చేయించండి. ప్రెస్ వాళ్లు పూర్తి నలుపు తెలుపులకు మార్చేస్తే పెన్సిల్ బూడిదరంగు ఎగిరిపోతుంది, ప్రూఫ్ తెప్పించుకుని ఆ ఒక్కటీ చూసుకోండి.